పొగ మానదలచినవారికి వేప్ యంత్రమును గూర్చి నాలుగు మాటలు

(వార్షిక మహాసభ రెండవనాడు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు వివాహవ్యయమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. కార్యదర్శిగారు నాకొసగిన విషయము పొగ. ముప్పది యేండ్లు విరామపు గంట మ్రోగినతోడనే గోడచాటునకు బోయి సిగరెట్టు ముట్టించినవాడను. ఈ విషయమున నాకు గల యర్హత యదియే.

నా మేనల్లుడు ఇంగ్లండుదేశమున లెస్టరు నగరమందు ఉద్యోగము చేయుచున్నాడు. దినమునకు ఇరువది సిగరెట్లు కాల్చెడివాడు. 2020 సంక్రాంతికి వచ్చినపుడు నా చేతిలోని సిగరెట్టును జూచి, "నేను మానేశాను మామయ్యా, వేప్ పట్టుకొని మానేశాను" అనెను. ప్రక్కనున్న మా యక్క, "వేపపుల్ల నమిలితే సిగరెట్టు పోతుందిట్రా?" అని యడిగినది. నాకును అప్పటికి అంతకంటె నెక్కువ తెలియదు.

వాడు చెప్పినదియు, పిమ్మట నేను చదివినదియు గలిపి విన్నవించెదను. ఇప్పటి రూపమున నీ యంత్రమును 2003లో చైనాదేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హోన్ లిక్ కల్పించెను. అందొక బ్యాటరీ, ఒక తీగచుట్ట, దానిలో దూదివత్తి, ఒక చిన్న ద్రవపాత్ర యుండును. ద్రవమనగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, పరిమళములు, నికోటిన్. తీగ వేడెక్కగా వత్తి పీల్చిన ద్రవము మంచువలె లేచును. అది వట్టి నీటియావిరి గాదు. సన్నని తుంపరల సమూహము. అయినను అందు నిప్పు లేదు. సర్వరహస్యమును ఇందే యున్నది. మనుష్యుని పొగాకునకు కట్టివేయునది నికోటిన్. చంపునది ముఖ్యముగా ఆకు కాలుటచే బుట్టిన తారు, కార్బన్ మోనాక్సైడు మొదలగునవి. శ్రీకాకుళ విశాఖ మండలములయందు ముసలమ్మలు చుట్ట మండుకొనను నోటిలోనిడి అడ్డపొగ త్రాగుట మీలో ననేకులు చూచియుందురు. వారికి అంగిటి క్యాన్సరు వచ్చుటయు వినియుందురు.

ఇంగ్లండులో వైద్యులు దీనిని పొగ మానుటకు సాధనముగా నంగీకరించిరి. నికోటిన్ గల యంత్రములు నికోటిన్ బిళ్లలు, పట్టీలకంటె నెక్కువమందిచే పొగ మాన్పించినవని కొక్రేన్ సమీక్షలు తేల్చినవి. అచటి చట్టము ద్రవమున మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండరాదన్నది. వాడి పారవేయు యంత్రముల విక్రయమును 2025 జూన్ 1 నుండి నిషేధించినది. అచటనున్న మన పిల్లలు ప్రారంభించునపుడు మొదట తెలియవలసినది ఈ బలమును గూర్చియే. ఎక్కువ కాల్చువాడు తక్కువ బలముతో మొదలిడినచో తృప్తి లేక మరల పెట్టె కొనును. సిగరెట్టువలె గబగబ లాగరాదు, మెల్లగా దీర్ఘముగా పీల్చవలెను. క్రొత్త తీగచుట్ట వేసినపుడు వత్తి ద్రవమున నానువరకు కొన్ని నిమిషములాగవలెను. లేనిచో మాడిన కంపు. ద్రవము బిడ్డలకు విషము గనుక అందనిచోట నుంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, పగలు యంత్రము రాత్రి సిగరెట్టు అను ద్వైతము పనికిరాదు. సిగరెట్టును పూర్తిగ విడిచిననే ఫలము. తరువాత నెలల తరబడి బలమును తగ్గించుకొనుచు యంత్రమును గూడ విడువవలెను. నా మేనల్లునకు ఏడాదిన్నర పట్టినది. ఎన్నడును పొగ త్రాగనివాడును, పసివాడును దీనిని ముట్టనే రాదు.

ఇంతవరకు సముద్రమున కావలి మాట. మన దేశమున 2019 చట్టముచే ఈ యంత్రముల తయారీ, దిగుమతి, విక్రయము, నిల్వ, ప్రకటన సర్వము నిషిద్ధము. తెచ్చి యమ్మినవానికి మొదటి తప్పునకే ఏడాదివరకు ఖైదో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో. కనుక విదేశములనుండి బంధువులచే కానుకగా తెప్పించుకొనకుడు. చాటుగా కొని వాడు కుర్రవాండ్రు మనలో నున్నారని నేనెరుగుదును. ఆ సీసాలో నేమున్నదో చెప్పువాడెవడు? అమెరికాలో 2019లో గంజాయిసారము గల ద్రవములలో కలిపిన విటమిన్-ఈ యెసిటేటు మూలమున ఊపిరితిత్తులు చెడి, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించిరి.

మరి యిచట మానువారికి గతియేమి? నికోటిన్ చూయింగ్ గమ్ము మందులంగడిలో దొరకును. నేను మానినది దానితోనే. మొదటినాడు దానిని తాంబూలమువలె నమిలి మ్రింగి, గంటసేపు వెక్కిళ్లతో బాధపడితిని. అట్లుకాదు. నాలుగైదు మార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే చెక్కిటికిని చిగుళ్లకును నడుమ నుంచి, చురుకు తగ్గిన పిదప మరల నమలవలెను. ఒక్కొక్క బిళ్ల అరగంట. కాఫీ త్రాగిన వెంటనే వేసికొనిన పనిచేయదు. 2, 4 మిల్లీగ్రాముల బిళ్లలు గలవు. నిదుర లేచిన అరగంటలోపల సిగరెట్టు వెదకువానికి నాలుగు కావలసి యుండును, వైద్యునడుగుడు. 1800 11 2356 అను ప్రభుత్వ టెలిఫోనునకు పిలిచిన ఉచితముగా సలహా చెప్పుదురు. మొదటి వారము కష్టతమము. నాలుగు వారములలో ఆరాటము చాలవరకు చల్లారును.

చరకుడే ధూమపానమును విధించెనని నాతో వాదించు మిత్రుడొకడు గలడు. నిజమే, సూత్రస్థానమున నున్నది. కాని యది ఓషధుల వర్తి. పొగాకు అమెరికానుండి వచ్చునప్పటికి చరకుడు గతించి వేయేండ్లు దాటినది.

ఇక ఒక్క మాట. మా తమ్ముడు 2014లో ఏ మందును లేక వట్టి పట్టుదలతో మూడు నెలలు మానియుండెను. ఆ వేసవిలో మన బంధువుల యింటి పెండ్లి. విడిదిలో వాడుక ప్రకారము తమలపాకులు, వక్కలు, సిగరెట్లు అమర్చిన పళ్లెము వచ్చినది. వాడు వద్దనెను. "పెండ్లిలో ఒక్కటి తప్పేమిరా" అని యందించినవాడను నేనే. వాడు మరల మానలేదు. 2018లో ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయినాడు. ఆ తరువాత రెండేండ్లు నేను కాల్చుచునే యుంటిని. ఈ మాట చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

కావున ఈ మహాసభ యెదుట ఒక తీర్మానము నుంచుచున్నాను: మన సంఘమువారి వివాహములయందు విడిదిలోగాని పందిటిలోగాని సిగరెట్ల పళ్లెము పెట్టరాదు. దీనిని బలపరచుటకు, ఇప్పటికిని పొగత్రాగు సోదరులలోనుండియే యొకరు లేచిన నాకు మిక్కిలి సంతోషము.