పేరు తెలియని జ్వరం

 

పిల్లలకు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను, బీఈడీ చదివి హాస్టల్ వార్డెన్ అయినదాన్ని. అందుకని మా ఇంట్లోకి వచ్చిన ఒక్క జబ్బు గురించే చెబుతాను.

2022 అక్టోబరులో మా ఆయన సామ కోతకని చింతపల్లి పైనున్న వాళ్ల ఊరు వెళ్లారు. నాలుగు రాత్రులు చేను గట్టున గడ్డిలోనే పడుకున్నారు. నర్సీపట్నం తిరిగొచ్చిన వారానికి జ్వరం. తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు. మన్యంలో జ్వరమంటే ముందు మలేరియాయే కదా! రక్తం తీశారు, మలేరియా లేదన్నారు. డెంగీ కూడా లేదన్నారు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని ఐదు రోజులు ఇంజెక్షన్లు చేశారు. దిగలేదు. ఎనిమిదో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, మాట తడబడింది.

మా అత్త కొండ దిగి వచ్చింది. "దిసారికి చూపించకండా ఈ సూదులేటమ్మా?" అంది. ఆవిణ్ణి తప్పు పట్టను. బిడ్డ అలా పడి ఉంటే ఏ తల్లయినా తనకు తెలిసిన తలుపే తడుతుంది. ఆవిడ తెచ్చిన తాడు కొడుకు చేతికి కట్టింది. నేను విప్పలేదు. మా సంఘంలో కొందరికి అది నచ్చలేదు.

నన్ను బాధపెట్టిన మాట మా వైపు నుంచే వచ్చింది. ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన, "మందులు ఆపేసి దేవుడి మీద ఆనుకోమ్మా, నీ విశ్వాసం చాలడం లేదు" అన్నారు. రెండు రోజులు అదే ఆలోచన. నిజంగా నా విశ్వాసం తక్కువైందా? నా వల్లే ఈయనకు తగ్గడం లేదా?

రాత్రి తడిగుడ్డ వేస్తూ యెషయా గ్రంథం తీశాను. హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించిన కథ. సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడని చెప్పి ఆపేసేదాన్ని. యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడని కూడా అక్కడే ఉంది. అది నేనెప్పుడూ పిల్లలకు చెప్పలేదు. ఆయుష్షు ఇస్తానన్నాక కూడా కట్టు కట్టించారంటే, నేను ఆసుపత్రికి వెళ్తే తప్పేముంది? పాస్టరమ్మ గారికి ఫోన్ చేస్తే, "ప్రార్థన మేం చేస్తాం, నువ్వు పొద్దున్నే బయల్దేరు" అన్నారు.

బయల్దేరే ముందు ఒళ్లు తుడుస్తుంటే మొలతాడు కింద, గజ్జల దగ్గర, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా చెక్కు కట్టిన మచ్చ కనబడింది. "ఇదేటి?" అన్నాను. "మొలతాడు ఒరుసుకుంది, ఏటి లేదే" అన్నారు. నొప్పీ లేదు, దురదా లేదు. డాక్టర్లు చొక్కా ఎత్తి చూశారు గాని అక్కడెవరు చూస్తారు? ఈయన సిగ్గుపడి చెప్పలేదు. పుండు కథ చదివిన మర్నాడే పుండు కనబడింది కాబట్టి అది సాక్ష్యంగా చెప్పమంటారు మా వాళ్లు. ఒళ్లు తుడిచాను కాబట్టి కనబడింది అంటాను నేను. రెండూ నిజమే కావచ్చు.

విశాఖలో డాక్టరమ్మకి ముందుగా ఆ మచ్చే చూపించాను. "గడ్డిలో, పొదల్లో తిరిగారా?" అని అడిగి, ఐజీఎం ఎలీసా పరీక్షకు రాసి, ఫలితం రాకముందే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. స్క్రబ్ టైఫస్ అన్నారు. అప్పటికి నేను ఆ పేరే వినలేదు.

దీన్ని తెచ్చే బ్యాక్టీరియా పేరు ఒరియెన్షియా త్సుత్సుగముషి. మా హాస్టల్ పిల్లలకు పలకమని ఇస్తే అరగంట నవ్వారు. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే చిన్న నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం, పది రోజులకు జ్వరం మొదలవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. టైఫాయిడ్‌కి మామూలుగా చేసే ఇంజెక్షన్లకు లొంగదు. తొందరగా పట్టుకుంటే చవక మాత్రలతోనే పోతుంది. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ ఇస్తారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా వెళ్తుంది. మచ్చ అందరికీ రాదు, వచ్చినా చంకలోనో గజ్జల్లోనో రొమ్ము కిందో దాక్కుంటుంది. అందుకని జ్వరం ఐదు రోజులు దాటి మలేరియా లేదంటే, స్క్రబ్ టైఫస్ పరీక్ష చేస్తారా అని మీరే అడగండి. గడ్డిలో తిరిగిన సంగతి చెప్పండి. సిగ్గుపడకండి.

మా ఆయన మూడు రోజులు ఐసీయూలో ఉన్నారు. మొదటి రాత్రి వరండాలో నాకు ప్రార్థన రాలేదు. నోట్లో మాటే లేదు. ఆయన చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, అంతే. మూడో రోజు జ్వరం దిగింది.

పక్క మంచం మీదామెకూ ఇదే జబ్బు. మాకంటే ఆలస్యంగా తెచ్చారు. ఆమె భర్త కూడా నాలాగే బైబిలు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె బతకలేదు. అందుకే నా విశ్వాసం గెలిచిందని ఈ వేదిక మీద చెప్పలేను. ఆ పెద్దాయన మాటకు నా జవాబు కూడా అదే.

2025 చివర్లో ఈ జబ్బు పేరు పేపర్లలో, టీవీల్లో వచ్చింది. మా హాస్టల్లో మాత్రం అంతకుముందు నుంచే, సెలవులకు ఊరెళ్లి వచ్చిన పిల్లకి జ్వరం వస్తే ఏఎన్ఎమ్మ లోపలికి తీసుకెళ్లి ఒళ్లంతా చూస్తుంది.

మా ఆయన ఇప్పటికీ సామ కోతకు వెళ్తారు. మానమంటే వింటారా? టార్పాలిన్ పరుచుకుని పడుకుంటున్నారు, నిండు చేతుల చొక్కా వేసుకుంటున్నారు. ఇంటికి రాగానే స్నానం చేసి, "వార్డెనమ్మా, తనిఖీకి రా" అని పిలుస్తారు.