ఒక్క కారణం చెప్పమంటే చెప్పను

నన్ను ఇటిక్యాలకు పిలిచినాయన "డాక్టర్ సాబ్, మనోళ్లకు జర ధైర్యం చెప్పి పోండి" అన్నారు. ధైర్యం లేకే మనుషులు ప్రాణం తీసుకుంటారనే ఆ మాటతోనే నా పేచీ.

కంపెనీల విత్తనం కోసం సీడుపత్తి పెట్టే రైతుకా ధైర్యం లేనిది? కంపెనీకీ రైతుకూ మధ్యనుండే ఆర్గనైజర్ విత్తనమిస్తాడు, పెట్టుబడిస్తాడు, వడ్డీ రాసుకుంటాడు. సాయంత్రం మొగ్గ మొగ్గా గిల్లాలి, పొద్దున పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దాలి. కూలీలకు ఎదురు డబ్బు కట్టాలి. విత్తనం కంపెనీకి పోయిన కొన్ని నెలలకు "జీవోటీ ఫెయిల్", అంటే విత్తనాన్ని మొలిపించి చూసే స్వచ్ఛత పరీక్షలో తప్పిందని కబురొస్తుంది. పంట పోయింది, అప్పు మిగిలింది. వెనక నవ్వకండి తమ్ముడూ, మీ ఇంట్లోనూ సీడే కదా! ఇంత జూదం పట్నంలో ఏ ఉద్యోగస్తుడు ఆడతాడు? అప్పు ఒక్కటే మనిషిని విరచదు. అప్పులాయన వాకిట్లో నిలబడి, వాడకట్టంతా వినేటట్టు అడిగే మాటా విరుస్తుంది. భార్యకు కూడా చెప్పని అప్పయితే మరీను.

"పరిహారం కోసం చచ్చాడు" అంటారు కొందరు. ఒళ్లు మండుతుంది నాకు! ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి 2004లో 421 జీవో లక్షన్నర అన్నది, 2015లో తెలంగాణ ఆరు లక్షలు చేసింది. ఇచ్చేముందు ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ ఏడీ కూర్చుని విచారిస్తారు. పాస్‌బుక్ ఏది, అప్పు కాగితమేది? కౌలు రైతుకు పాస్‌బుక్కే లేదు, వడ్డీకిచ్చినోడు కాగితం రాయడు. 2018 నాటి రైతుబీమా కూడా పట్టాదారుకే. ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ పోయిన రైతు భార్య.

రైతులొక్కరే కాదు, 2022లో దేశం మొత్తంలో 1,70,924 మంది ప్రాణం తీసుకున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కలో కారణం దాదాపు మూడో వంతు "కుటుంబ సమస్యలు". ఆ గడిలో ఏం లేదు? అప్పు, తాగుడు, దెబ్బలు, బిడ్డ పెళ్లి ఖర్చు, అన్నీ అందులో దాగి ఉండొచ్చు. పేపరోళ్లు మాత్రం ఒక్క కారణం రాసి ఊరుకుంటారు.

టైమైపోతున్నదని చెయ్యి చూపిస్తున్నారు, గబగబా చెప్తాను. "చావు ఆలోచన ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తాం" అనేది అబద్ధం, సూటిగా అడగండి. "చస్తానని చెప్పేవాడు చేయడు" అనేది అంతకన్నా పెద్ద అబద్ధం. "పోయేటోడు ఎట్లయినా పోతాడు" అంటారా? శ్రీలంక 1995 నుంచి ప్రమాదకరమైన పురుగుమందులు ఆపేసింది, తర్వాత ఇరవై ఏళ్లలో మొత్తం ఆత్మహత్యలే బాగా తగ్గాయి. మందు డబ్బా ఇంట్లో పెట్టకండి. పోలీసు కేసని ఆస్పత్రికి ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్తుడిగా చూడదు, చికిత్స ఇవ్వమంటుంది. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా సరే.

ఇంకొక్కటి. అదే 2022లో ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు పాతికవేలకు పైనే పోయారు, వ్యవసాయం మీద బతికేవాళ్లకు రెట్టింపు కన్నా ఎక్కువ. వాళ్ల కోసం ఏ పార్టీ ధర్నా చేసింది?

సర్పంచిగారూ, ప్రశ్నలకు మైకు ముందు ఆడవాళ్లవైపు పంపండి.