రాబర్ట్‌సన్‌పేటలో ఒక దుకాణం బోర్డు

కోలార్ బంగారు గనుల ఊరైన కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో చిన్న బేకరీ పెడుతున్నారనుకోండి. 2001లో గనులు మూతపడ్డాక ఇక్కడ ఎంతోమంది తెల్లవారగానే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. ఊళ్లోనే వ్యాపారం నిలబెట్టుకోవాలనే వాళ్లకు బోర్డు మీద పెట్టే ప్రతి రూపాయీ ముఖ్యమే.

ముందు చట్టం సంగతి. 2024 సవరణ ప్రకారం కర్ణాటకలో బోర్డుపై 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పైభాగంలో. వచ్చే గిరాకీలేమో తమిళం, తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడతారు. నాలుగు లిపులూ ఇరికిస్తే ఏదీ కంటికి ఆనదు. అందుకే గుర్తు, రంగు ముందుగా తేల్చుకోండి. రెండు రంగులు చాలు. గుర్తును బొటనవేలి గోరంత చేసి, నలుపు తెలుపుల్లో చూడండి. అప్పుడూ పోల్చుకోగలిగితేనే అది బిల్లు మీదా, రస్కు ప్యాకెట్ మీదా పనికొస్తుంది. బంగారు కడ్డీ, గని టవరు ఈ ఊళ్లో ఎవరికైనా మొదట తోచే బొమ్మలు. నా మాట వింటే వాటిని వదిలి మీ సరుకునే చూపండి.

తర్వాత ఆ గుర్తుకు ట్రేడ్‌మార్కు. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (సరుకు రకానికి) ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది, ఆపై పొడిగించుకోవచ్చు.