ఒకే గదిలో రెండు ప్రశ్నలు

మత్తూ లైంగికతా కలిసేచోటు గురించి స్మారకోపన్యాసమేమిటని కొందరు ఇబ్బంది పడవచ్చు. ఆ ఇబ్బందే కొందరి ప్రాణాల మీదికి తెస్తోందన్నది నా వాదన. లండన్‌లో గే పురుషుల్లో కొందరు మెఫెడ్రోన్, క్రిస్టల్ మెత్, జీబీఎల్ వంటి మత్తుపదార్థాలను లైంగిక కలయిక కోసమే వాడుతున్నారు. దానికి కెమ్‌సెక్స్ అని పేరు. ఆ నగరంలోని లాంబెత్, సదర్క్, లూయిషామ్ ప్రాంతాల మీద 2014లో వెలువడిన అధ్యయనంలో 30 మంది పురుషులు మనసు విప్పి మాట్లాడారు. సుఖం సంగతి చెప్పారు, నిజమే. దానితోపాటు తమ మీద తమకు నమ్మకం లేకపోవడం, హెచ్‌ఐవీ ఉందంటే ఎదుటివాడు ఏమంటాడోనన్న దిగులు, చిన్నప్పటి నుంచీ నూరిపోసిన సిగ్గు కూడా బయటపెట్టారు. మత్తు ఆ బరువును కాసేపు దించుతుంది. కాబట్టి 'మానెయ్' అన్న ఒక్క మాటతో పని జరగదు.

జీబీఎల్‌నే చూడండి. సూదిలేని సిరంజితో కొలిచి కూల్‌డ్రింకులో కలుపుకుంటారు. ఎవరు ఎప్పుడు తాగారో కాగితం మీద రాసిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అంత జాగ్రత్త ఎందుకంటే, హుషారెక్కించే మోతాదుకూ స్పృహ తప్పించే మోతాదుకూ మధ్య తేడా చాలా స్వల్పం. మద్యం కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. లేపినా లేవని మనిషి గురక పెడుతుంటే 'పడుకోనీలే' అనుకుంటారు. ఆ గురక గాలి సరిగా ఆడడం లేదన్న సూచన కావచ్చు. వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవాలి. కానీ పోలీసులొస్తారేమో, ఇంట్లో తెలుస్తుందేమో అన్న భయంతో ఆ ఫోను ఆలస్యమవుతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది: హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్, కోబిసిస్టాట్ వంటివి కొన్ని మత్తుపదార్థాలు శరీరం నుంచి త్వరగా పోకుండా చేస్తాయి. దాంతో అలవాటైన మోతాదే ప్రమాదకరం కావచ్చు. రెండు మూడు రోజులు నిద్ర లేకపోతే మాత్రలూ మరిచిపోతారు. మత్తును సూదితో ఎక్కించుకునేవాళ్లు సిరంజిని పంచుకుంటే హెపటైటిస్ సి సోకవచ్చు.

సాయం కోసం వెళ్తే, డీఅడిక్షన్ కేంద్రంలో సాధారణంగా లైంగిక జీవితం గురించి అడగరు. సుఖవ్యాధుల క్లినిక్‌లో మత్తు గురించి అడగరు. లండన్ సోహోలోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో పనిచేసిన డేవిడ్ స్టువర్ట్ వంటివారు ఆ రెండు ప్రశ్నలనూ ఒకే గదిలోకి తెచ్చారు. ఇలా అడగడం తప్పును ప్రోత్సహించడమే కదా అని కొందరు అంటారు. సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లకు శుభ్రమైన సూదులిచ్చినప్పుడూ ఇదే ఆక్షేపణ వచ్చింది. దానివల్ల వాడకం పెరిగిందన్న రుజువు దొరకలేదు, హెచ్‌ఐవీ వ్యాప్తి మాత్రం తగ్గింది. ఇక, దీని గురించి మాట్లాడితే మొత్తం గే సమాజానికే మచ్చ అన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గే పురుషుల్లో అత్యధికులకు కెమ్‌సెక్స్‌తో సంబంధమే లేదు. ఆ మాట ప్రతిసారీ చెప్పితీరాలి. అలాగని మౌనంగా ఉంటే, ప్రమాదంలో ఉన్న ఆ కొద్దిమందీ ఒంటరివాళ్లవుతారు.

ఇక మన దేశానికి వస్తే, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన అప్పటి శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరస్పర సమ్మతి గల వయోజనులకు వర్తించదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి కొన్ని అభియోగాల్లో రక్షణనిచ్చే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. హైదరాబాదులో అయినా విశాఖలో అయినా హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షలు జరిగే ఐసీటీసీ కేంద్రానికి పరీక్షకు వచ్చిన మనిషిని కౌన్సెలర్ మత్తు సంగతి కూడా నెమ్మదిగా అడగాలి, ఆ సెక్షన్ గురించి చెప్పాలి, విన్నది గోప్యంగా ఉంచాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కౌన్సెలర్లకు శిక్షణ కావాలి.