ఆరోగ్యం పైసలు వేరుగా పెట్టుకుందాం



మేము పది మందిమి. నెలనెలా పొదుపు కట్టేటప్పుడే తలా 50 రూపాయలు ఆరోగ్యం కోసమని వేరే రాస్తున్నాం. నెలకు 500, ఏడాదికి 6,000 అయితది. ఇంత చిన్న పైకంతో ఏమైతదని చాలామంది అడిగిండ్రు. అందుకే రెండు మాటలు చెప్తాం.

పెద్ద రోగానికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన పక్క పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్ 9 నుండి కుటుంబానికి 10 లక్షల దాకా పెంచిండ్రు. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. మరి మనకు అప్పు ఎక్కడ అయితుంది? దవాఖానలో చేరకముందు, ఇంటికొచ్చినంక. పరీక్షలు, స్కానింగు, బయట కొనే మందులు, తోడున్నోళ్ల తిండి. మనకు ఆర్టీసీ బస్సు ఉచితమే గానీ, తోడొచ్చే మగమనిషికి టికెట్టు తప్పదు. ఈ ఖర్చులకే మూడు రూపాయల మిత్తికి చెయ్యి చాస్తున్నాం. 10,000 తెస్తే ఏడాదికి 3,600 మిత్తే కట్టాలె.

ఇంకో నష్టం లెక్కల్లోకి రాదు. పిల్లలకు జ్వరమొస్తే అప్పు చేసైనా తీస్కపోతాం. మన నొప్పికి మాత్రం "పత్తి ఏరుడు అయినంక చూద్దాం" అంటాం. మా సంఘంలో ఒక చెల్లె రొమ్ములో గడ్డ తగిలినా మూడు నెలలు చెప్పలేదు. పైసలు ఉన్నాయని తెలిసినంకనే పరీక్షకు పోయింది. భయపడే గడ్డ కాదని తేలింది. ఒకవేళ అయి ఉంటే ఆ మూడు నెలలు ఎంత ఖరీదు?

అమెరికాలో ఉద్యోగం చేసే మన పిల్లలకు ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్ అని ఒకటి ఉంటది. జీతంలో కొంత, పన్ను పడకముందే పక్కకు పోతది. డాక్టర్ ఫీజు, మందులు, కండ్లద్దాలు, పండ్ల వైద్యం లాంటి వాటికే వాడాలె, రసీదు అడిగితే చూపాలె. గడువులోపల వాడుకోకపోతే చాలావరకు పోతది. మన పైసలు అట్ల పోవు, వచ్చే ఏడాదికి మిగులుతాయి. కానీ ఏ ఖర్చుకు ఇయ్యాలె, దేనికి ఇయ్యొద్దు అని ముందే రాసుకునే పద్ధతి మనకూ పనికొస్తది.

మేము రాసుకున్నవి ఇవి:

1. డాక్టర్ ఫీజు, పరీక్షలు, మందులు, అద్దాలు, దవాఖానకు రానుపోను ఖర్చు, తోడున్నోళ్ల తిండికి ఇస్తాం.

2. ఒక్కరికి 2,000 దాకా. మిత్తి లేదు. నెలకు 200 చొప్పున తిరిగి కట్టాలె.

3. రసీదు ఇద్దరు లీడర్లే చూస్తారు. రోగం పేరు మీటింగులో చదవం.

4. పెండ్లికి, పండుగకు, ఎరువులకు ఇయ్యం.

నాలుగోది కష్టమైన మాట. నాట్ల కాలంలో ఒక అక్క ఎరువులకు అడిగింది. ఆమె అవసరం నిజమే. అయినా ఈ పైకం ముట్టకుండా మామూలు పొదుపు నుంచి అప్పు ఇచ్చినం. ఆ నెలలోనే ఇంకో అక్క కాలు విరిగింది. పైసలు ఉన్నాయి కాబట్టి ఎవరి గడప ఎక్కలేదు.

అక్కలారా, 50 కాకుంటే 20తోనైనా మొదలుపెట్టండి. వచ్చే మీటింగులో మినిట్స్ బుక్కులో తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టండి. ఆరోగ్యం పైసలకు వేరే పేజీ తెరవండి.

సెలవు.