ముఖమునకు తగిలిన పోటుగాయము

చెంపలో కత్తి గాని కఱ్ఱపుల్ల గాని దిగబడినవారిని చూచినంతనే దానిని పెఱికివేయవలెనని ఎవరికైనను తోచును. అదియే ప్రమాదము. ఆ వస్తువే తెగిన రక్తనాళమునకు బిరడావలె అడ్డుపడి యుండవచ్చును. అది కదలకుండ చుట్టును గుడ్డలు పొదివి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను. దాని మొన యెందాక పోయినదో ఎక్స్‌రే, సి.టి. పటములలో చూచుకొని, శస్త్రచికిత్స గదిలోనే మేము దానిని తీయుదుము. కఱ్ఱముక్క ఎక్స్‌రేలో తఱచుగా కనబడదు. కావున పటములో నేమియు లేదన్నంత మాత్రమున నేను నిశ్చింతగా నుండను.

అయినను నెత్తుటికంటె ముందు చూడవలసినది ఊపిరి. 1914-18 నాటి యుద్ధములో కెల్సీ ఫ్రై అను వైద్యుడు, దవడ చితికిన యొక సైనికుని తల ముందుకు వంచి నడిపించుకొని వచ్చెను. అంతవఱకు అతనికి ఊపిరి ఆడుచునే యుండెను. స్ట్రెచరుపై వెల్లకిల పరుండబెట్టిన కొలదిసేపటికే అతడు మరణించెను. దవడ ఆధారము తప్పిన నాలుక వెనుకకు జాఱును, నెత్తురు గొంతులో నిండును. అట్టివారిని కూర్చుండబెట్టి, ముఖము క్రిందికి వంచి తీసికొనిరావలెనని ఫ్రై తరువాత పట్టుబట్టెను. ఇందులకు పరికరమేదియు నక్కఱలేదు. నేటికిని, మెలకువతో ముందుకు వంగి కూర్చున్న రోగిని మేము బలవంతముగా పరుండబెట్టము.

ఇక చెంపగాయము. చెవిముందరి బుడిపెనుండి పైపెదవి నడిమికి ఒక గీత గీచినచో, దాని నడిమి మూడవవంతున ఉమ్మినీటి గొట్టము పోవుచుండును. దాని చెంతనే ముఖమును కదలించు నరపుకొమ్మ లుండును. అందుచేత తిమ్మిరిమందు ఎక్కింపకముందే నేను రోగిని బొమలెత్తుమందును, కన్నులు గట్టిగా మూయుమందును, నవ్వుమందును. నొప్పితో నున్నవారిని నవ్వుమనుట క్రూరముగానే తోచును. కాని మందెక్కిన పిమ్మట ముఖము వంకరపోయినచో, అది మందువలననో నరము తెగుటవలననో తెలియదు. తెగిన నరముయొక్క ఆవలికొన, సన్నని విద్యుత్తు తాకించినచో, సుమారు 72 గంటలవఱకు కండను కదలించును. ఆపైన దానిని వెదకి పట్టుట కష్టము. పైచర్మము మాత్రము కుట్టించుకొని, కొన్నిదినములకు కనురెప్ప మూతపడక నాయొద్దకు వచ్చినవారు కలరు.

ముఖమునకు రక్తప్రసారము మెండు. నలిగినదని తోచిన చర్మముకూడ తఱచుగా బ్రతుకును. కావున నేను కోసి పాఱవేయునది స్వల్పము. పెదవి చీలినచో మొదటి కుట్టు ఎఱుపును చర్మమును కలియు అంచుననే వేయుదును. అచ్చట ఒక్క మిల్లీమీటరు తప్పినను, ఎదుట కూర్చుండి మాటలాడువారి కంటికి అది కనబడుచునే యుండును.