బియ్యం బస్తాలో నాలుగు ట్యాంకర్లు

 

కమిటీ వాళ్లు మాకిచ్చిన అంశం 'నీళ్లు – ప్రపంచ ఆహార భద్రత'. ఫోన్‌లో వినగానే రాంగ్ నంబరేమో అనుకున్నం. మేం క్రైస్ట్‌చర్చ్ చుట్టుపక్కల ఇళ్లకు పునాదులు పోసేవాళ్లం. పాలిటెక్నిక్‌లో చదివిన సివిల్ డిప్లొమా తప్ప వేరే చదువు లేదు. అయినా ఒప్పుకున్నం. మా సైట్‌లో నలుగురం పాలమూరు వాళ్లమే ఉన్నం. ఈ మాటలు స్మోకో టైంలో నలుగురం కూర్చుని పోగు చేసినవి. అందుకే 'మేం' అనే చెప్తున్నం.

2023 జూలై అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ నెల 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మరుసటి శనివారం ఇండియన్ షాపుకు పోతే సోనామసూరి అరలు ఖాళీ. కౌంటర్ మీద కాగితం అంటించారు: ఇంటికి ఒక్క బస్తా. మాలో ఒకాయన భార్యను ఒక లైన్‌లో, బావమరిదిని ఇంకో లైన్‌లో నిలబెట్టిండు. నవ్వకండి, మీలో కూడా చాలామంది అదే పని చేసినరు. న్యూజిలాండ్‌లో వరి పండదు. మనం తినే ప్రతి మెతుకూ ఓడ దిగి రావాల్సిందే.

ఎందుకు ఆపారు? దేశంలో ధరలు పెరుగుతున్నయ్, వానలు సరిగ్గా లేవు, ఎల్ నినో వస్తదన్న భయం. ఆ భయం నిజమే అయింది. ఆ ఏడాది ఆగస్టులో దేశమంతా కలిపి చూస్తే మామూలు కంటే 36 శాతం తక్కువ వాన పడింది. 1901 నుంచి లెక్కలు రాస్తుంటే అంత ఎండిన ఆగస్టు ఇంకోటి లేదు. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో సుమారు 40 శాతం మన దేశానిదే. అందుకే అక్కడ మబ్బు మొహం చాటేస్తే ఆ నెలలోనే ప్రపంచ బియ్యం ధరలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పైకి పోయినయ్. మనకు అది ఒక బస్తా తిప్పలు. పశ్చిమ ఆఫ్రికాలో మన బియ్యం మీదే బతికే కూలి కుటుంబాలకు అది పూట తిండి. ఆ నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2024 సెప్టెంబర్ చివర్లో.

ఇప్పుడు మా వృత్తి లెక్క ఒకటి. కిలో వడ్లు పండాలంటే పొలానికి వాన, కాలువ, బోరు అన్నీ కలిపి సగటున 2,500 లీటర్ల నీళ్లు పోతయని వరి పరిశోధకుల అంచనా. అందులో కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుంది, అది వేరే మాట. పది కిలోల బియ్యం కావాలంటే పదిహేను కిలోల వడ్లు ఆడించాలి. అంటే 37 వేల లీటర్ల పైమాట. మనం సైట్‌కు తెప్పించే పదివేల లీటర్ల ట్యాంకర్లయితే దగ్గర దగ్గర నాలుగు. డిక్కీలో బస్తా వేసుకుని వస్తున్నమంటే నాలుగు ట్యాంకర్ల కృష్ణా నీళ్లో, గోదావరి నీళ్లో, ఎవరో రైతు బోరు నీళ్లో తెచ్చుకుంటున్నట్టే. అయితే బియ్యం మన దగ్గరికి వస్తయ్ గానీ, ఆ బోరు ఎండిపోతే దాని అప్పు మాత్రం ఊళ్లోనే ఉంటది. మేం చెప్పదలచుకున్నది అదే. పంట ఊరు దాటిపోతది, నీళ్ల నష్టం మాత్రం అక్కడ బతికేవాళ్లకే మిగులుతది.

ఇది మాకు పుస్తకంలో తెలిసింది కాదు. పాలమూరులో ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ. కృష్ణమ్మ మన జిల్లా అంచు నుంచే తెలంగాణలోకి అడుగు పెడుతుంది. నది పక్కనే ఉన్నా పొలాలు ఎండినయ్, మనుషులు బొంబాయి బస్సు ఎక్కినరు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా తట్ట మోసింది పాలమూరు లేబరే అని పేరు. నాగార్జునసాగర్ 1955లో మొదలై 1967లో నీళ్లు వదిలేదాకా మా తాతల తరం అక్కడ రాళ్లు మోసింది. నీళ్లు వేరే జిల్లాల పొలాలకు పోయినయ్, వాళ్లు తిరిగొచ్చి మళ్లీ వాన కోసం ఆకాశం చూసినరు. ఆ తర్వాత జూరాల వచ్చింది, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చినయ్. ఇప్పుడు మా ఊళ్లో వరి నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నరు. చూసి సంతోషించినం, కొంచెం సిగ్గు కూడా పడ్డం. ఎందుకంటే వాళ్లు పడుకునే రేకుల షెడ్డు, బొంబాయిలో మా నాన్నలు పడుకున్న షెడ్డు ఒక్కటే తీరు.

విచిత్రం ఏమంటే, మనం ఉన్న ఈ కాంటర్‌బరీ మైదానంలో కూడా వాన సుమారు అంతే పడుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో 600 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ దాటదు. ఇక్కడా పక్కనే పెద్ద నదులు: రకాయా, రంగిటాటా, వైమకరీరి. కొండల మంచు, కొండల వాన మోసుకొచ్చి సముద్రంలో కలిసేవి. ఇక్కడి వాళ్లు 1937లో రంగిటాటా నుంచి 67 కిలోమీటర్ల కాలువ తవ్వడం మొదలుపెట్టి యుద్ధకాలంలో పూర్తి చేశారు. అదీ కూలీల చెమటే. 2002 నుంచి 2019 మధ్య ఈ దేశంలో సాగునీరు అందే భూమి సుమారు రెట్టింపు అయింది. అందులో మూడింట రెండు వంతులు కాంటర్‌బరీలోనే. ఒకప్పుడు గొర్రెలు మేసిన ఎండు గడ్డి నేల మీద ఇప్పుడు చక్రాల మీద తిరిగే పొడవాటి స్ప్రింక్లర్లు, వాటి కింద ఆవులు. ఆ పాలు డార్‌ఫీల్డ్, డన్‌శాండెల్ లాంటి చోట్ల పౌడర్ అయి ఓడ ఎక్కుతయ్. దేశంలో పిండే పాలలో దాదాపు 95 శాతం బయటి దేశాలకే. (ఇన్ని పాలు ఉన్న దేశంలో వెన్న ధర అడిగితే గుండె గుభేలుమంటది, అది ఇంకో సభలో మాట్లాడుకుందాం.)

ఈ పాలపొడి ఎవరో పిల్లల కడుపు నింపుతుంది, మంచిదే. పాల ఫారాల మీద మన తెలుగు పిల్లలకు ఉద్యోగాలు దొరికినయ్, అదీ మంచిదే. మరి ఇక్కడ మిగిలేది ఏంది? ఆవు మూత్రంలోని నత్రజని, యూరియా నత్రజని నైట్రేట్‌గా మారి, గులకరాళ్ల నేలలోంచి జారి భూగర్భ జలాల్లో కలుస్తుంది. సెల్విన్ నది దగ్గర కోస్ ఫోర్డ్ అని ఉంది. ఒకప్పుడు ఇక్కడి జనం పిల్లల్ని ఈతకు తీసుకుపోయే చోటు. ఇప్పుడు నీళ్లలో దిగొద్దన్న హెచ్చరికలు పెట్టే చోటు.

నది సంగతి అలా ఉంచి ఇంటి కుళాయి సంగతికి వద్దాం. టౌన్‌లో ఉన్నవాళ్ల నీళ్లు కౌన్సిల్ పరీక్షిస్తుంది. ఊరి బయట ఫారం ఇంట్లో సొంత బోరు నీళ్లు తాగేవాళ్లవి ఎవరూ పరీక్షించరు. తాగే నీళ్లలో నైట్రేట్-నైట్రోజన్ లీటరుకు 11.3 మిల్లీగ్రాములు దాటొద్దని ఇక్కడి నిబంధన. డబ్బా పాలు తాగే పసిపిల్లలకు రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది కాబట్టి ఆ హద్దు పెట్టారు.

పోయిన చలికాలం ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. పాల ఫారంలో పని, ఫారం వాళ్లదే ఇల్లు, ఇంట్లో మూడు నెలల పాప. "అన్నా, నీళ్లు చల్లగా, తేటగా ఉంటయ్. మరగబెట్టే పాపకు పాలు కలుపుతున్నం" అన్నడు. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి వింటూ పెరిగిన వాళ్లం మనం. తేటగా ఉన్న నీళ్లే ఎముకలు వంచినయని మనకు తెలుసు. ఒక సీసాలో పట్టించి ల్యాబ్‌కు పంపినం. హద్దు దాటి వచ్చింది. మరగబెడితే నైట్రేట్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. జగ్గు ఫిల్టర్లతోనూ పోదు.

యజమానిని అడగమంటే ఆ తమ్ముడు వణికిండు. ఉద్యోగం, ఇల్లు, వీసా మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు నీళ్ల గురించి నోరు ఎలా లేస్తది? తప్పు పట్టలేం. మేం ఇద్దరం తోడు పోయినం. ఆయన ముందు "ముప్పై ఏళ్లుగా మేమూ ఈ నీళ్లే తాగుతున్నం" అన్నడు. రిపోర్టు కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. ఆ పూటే డబ్బా నీళ్లు తెచ్చిచ్చిండు. రెండు వారాలకు సింక్ కింద ఆర్వో ఫిల్టర్ పెట్టించిండు. తర్వాత తెలిసింది, తన ఇంటి నీళ్లు కూడా పరీక్షకు పంపిండట. అందరు యజమానులూ ఇలా ఉంటరని మేం చెప్పం. కానీ ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఇల్లయినా సరే, తాగడానికి పనికొచ్చే నీళ్లు ఇవ్వడం ఇల్లు ఇచ్చినవాళ్ల బాధ్యత. ఒప్పుకోకపోతే టెనెన్సీ సర్వీసెస్‌ను అడగొచ్చు. ఒక్కరే పోవడానికి భయమైతే మాకు చెప్పండి, శనివారాలు మేం ఖాళీనే.

బయట టీ టేబుల్ పక్కన ల్యాబ్ సీసాలు పెట్టినం. బోరు నీళ్లు తాగేవాళ్లు తలా ఒకటి తీసుకుపోండి. ఇంట్లో గర్భిణి గానీ పసిపాప గానీ ఉంటే ముందు వాళ్లకు వదలండి, సీసాలు ఇరవయ్యే ఉన్నయ్.